లోపలికి వెళ్ళిన ఫైలు

ముందే చెబుతున్నాను, నాకు మా అత్తగారంటే గర్వం. కోడలు అత్తగారిని పొగుడుతోందంటే దాని వెనక ఏదో మతలబు ఉందని అనుమానపడేవాళ్ళు హాయిగా పడండి, నాకేం నష్టం లేదు. మా ఇద్దరికీ పడని విషయాలు బోలెడున్నాయి. తడి తువ్వాలు కుర్చీ మీద వేస్తే ఆవిడ ఒంటికాలి మీద లేస్తారు. నేను ఫోను ఛార్జింగు పెట్టి స్విచ్చి వేయడం మరిచిపోతానని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ప్రత్యేకంగా చెబుతారు. అవన్నీ వేరు. పని దగ్గర మాత్రం అలాంటి మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆవిడ పని ఫారాలు నింపడం. ముప్పై రెండేళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల కింద ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పేరులో అక్షరం తప్పు పడినవాళ్ళు, పింఛను ఆగిపోయినవాళ్ళు, ఇల్లు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, అందరూ ఆ బల్ల దగ్గరికే. చేతిలో ఎప్పుడూ అడుగు పొడవు స్టీలు స్కేలు ఒకటి ఉండేది. గీతలు గీయడానికి కాదు, చదవడానికి.

ఆ స్కేలుకి ఒక కథ ఉంది. ఆవిడ ఆ పనిలో చేరిన రెండో ఏడు ఒక ముసలావిడ తన స్థలంలో సగం అమ్ముకోవడానికి వచ్చింది. కొనేవాడు తయారుగా తెచ్చిన చిత్తుప్రతి చూసి అత్తగారు దస్తావేజు రాశారు. చెయ్యి రాసింది గానీ బుర్ర రాయలేదు అంటారు ఇప్పటికీ. తరవాత గబగబా చదివి వినిపించారు. చదివేటప్పుడు కన్ను ఒక వరుస దాటి కిందికి జారింది. ‘మిగతా సగంతో సహా’ అన్నది సరిగ్గా ఆ దాటిపోయిన వరుసలోనే ఉంది. నెల తిరిగాక ముసలావిడ వచ్చి బల్ల ముందు నిలబడింది. తిట్టలేదు, శపించలేదు. “నువ్వు చదివావు కదమ్మా, అందుకే వేలిముద్ర వేశాను” అంది. అంతే, వెళ్ళిపోయింది.

అత్తగారు ఆ సాయంత్రమే స్కేలు కొన్నారు. అప్పటినుంచి ఏ కాగితమైనా సరే, వరుస కింద స్కేలు పెడతారు, ఆ వరుస చదువుతారు, “అర్థమైందా?” అంటారు, ఎదుటివాళ్ళు తలూపాకే స్కేలు కిందికి జరుపుతారు. ‘ఈ భాగం ఆఫీసు ఉపయోగం కొరకు మాత్రమే’ అన్న వరుసని కూడా చదివి, అర్థమైందా అని అడుగుతారు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆవిడకి పట్టదు.

ఇక నా సంగతి. పెద్ద రోడ్డు మీద రెండో అంతస్తులో ఉండే ఒక వీసా ఏజెన్సీలో నేను కౌంటరులో కూర్చునేదాన్ని. అద్దాల తలుపు, బల్ల మీద కాగితం జెండాలు, కుండీలో ప్లాస్టిక్కు మొక్క. ఒక గోడ నిండా వీసాలొచ్చి వెళ్ళినవాళ్ళ ఫొటోలు. మూడో వరుసలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్నతను మా డైరెక్టరుగారి బావమరిది. వెనక సందులో జిరాక్సు షాపు నడుపుకుంటున్నాడు, ఊరు దాటిన పాపాన పోలేదు. మొత్తం సిబ్బంది నలుగురం. ఆయన దేనికి డైరెక్టరో నాకిప్పటికీ తెలియదు గానీ, టై మాత్రం ఎండాకాలంలోనూ తీసేవాడు కాదు.

ఆయన మాకు నేర్పిన విద్యలు వినండి. ‘ఈ వారంతో కోటా అయిపోతోంది’ అని చెప్పాలి. ఆ కోటా మూడేళ్ళుగా ప్రతివారం అయిపోతూనే ఉంది. మనిషి నా ఎదురుగా కూర్చుని డబ్బు కట్టాలా వద్దా అని ఆలోచిస్తుండగా, లోపలి గదిలోంచి ఒకమ్మాయి నా ఫోను మోగిస్తుంది. అటువైపు ఎవరూ ఉండరు. నేను మాత్రం “అయ్యో, ఈ నెల సీట్లు నిండిపోయాయండీ, నిన్న వచ్చుంటే బాగుండేది” అని బాధపడాలి. ఎదురుగా ఉన్న మనిషి కంగారుగా జేబు తడుముకుంటాడు. నిజం చెప్పాలంటే నేనా పని బాగా చేసేదాన్ని. నా గొంతులో బాధ చాలా సహజంగా ఉంటుందని డైరెక్టరుగారు మెచ్చుకునేవాడు కూడా.

అన్నింటికన్నా గొప్పది ఒక మాట. కాగితాలిచ్చి వెళ్ళినవాళ్ళు రోజూ ఫోను చేసి మా పని ఎంతవరకు వచ్చిందని అడుగుతారు కదా. వాళ్ళకి చెప్పాల్సిన జవాబు: “మీ ఫైలు లోపలికి వెళ్ళిందండీ.” కాన్సులేటులో ముందస్తు పరిశీలనకి వెళ్ళిందని వాళ్ళు అనుకునేవారు. మేం అలా అనుకోనిచ్చేవాళ్ళం. నిజానికి వెళ్ళింది మా లోపలి గదిలోకి.

“అబద్ధమెక్కడుంది?” అన్నాడు డైరెక్టరుగారు నేను చేరిన మొదటివారం. “లోపలి గది లోపలే కదా ఉంది! మనం చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.” అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకే తల కొట్టేసినట్టుంటుంది.

అత్తగారిని అక్కడికి తెచ్చింది నేనే. దరఖాస్తులన్నీ కంప్యూటర్లలోకి వెళ్ళిపోయాక మెట్ల కింద బల్లకి మనుషులు తగ్గారు. ఇక్కడేమో సంతకం పెట్టే ముందు జనం వెనకాడుతున్నారని, నమ్మకంగా కనిపించే పెద్దావిడ ఒకరుంటే బాగుంటుందని డైరెక్టరుగారు అన్నాడు. మా అత్తగారున్నారన్నాను. మొదటిరోజే ఆవిడ సంచిలోంచి స్కేలు తీసి బల్ల మీద పెట్టేసరికి, సాయంత్రానికల్లా ఆఫీసులో ఆవిడ పేరు స్కేలమ్మ అయిపోయింది.

ఒక్కో ఫారానికి నలభై నిమిషాలు. డైరెక్టరుగారు నా దగ్గరికొచ్చి, “మీ అత్తగారిది చదవడమా, పారాయణమా?” అని గొణిగేవాడు. పైకి ఏమీ అనేవాడు కాదు. ఎందుకంటే ఆవిడ చదివాక జనం ధైర్యంగా సంతకం చేస్తున్నారు. ఆ ధైర్యమే ఆయనకి కావలసింది. చిక్కుగా ఉండే ఫారాలు మాత్రం ఆవిడ దగ్గరికి రానివ్వకుండా తనే చూసుకునేవాడు.

మూడో వారంలో అనుకుంటా, ఇంట్లో బట్టలు మడతపెడుతూ అడిగారు.

“అమ్మాయ్, ఫైలు లోపలికి వెళ్ళిందని చెబుతుంటావు కదా. లోపలికి అంటే ఎక్కడికే?”

“లోపలికంటే... లోపలికే అత్తయ్యా” అని నీళ్ళు నమిలాను.

ఆవిడ దుప్పటి రెండో కొస పట్టుకోమన్నారు.

ఆ లిఫ్టు మెకానిక్కు వచ్చింది ఆ రోజుల్లోనే. ముప్పై దాటిన మనిషి, గోళ్ళలో గ్రీజు. అతనొచ్చిన రోజు మా బిల్డింగు లిఫ్టు ఇద్దరు మనుషులతో సహా మధ్యలో ఆగిపోయింది. వాచ్‌మన్ నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, ఇతను సంచిలోంచి పానా తీసి పావుగంటలో వాళ్ళని దింపి, లిఫ్టు నడిపించి, చేతులు తుడుచుకుని మా కౌంటరుకొచ్చాడు. ఇతనితో పనిచేసిన ఒకాయన బయటి దేశంలో లిఫ్టుల కంపెనీలో చేరి, ఇతని గురించి చెబితే, వాళ్ళు ఉద్యోగం ఇస్తామని ఉత్తరం పంపారట. ఆ నెలాఖరులోగా వీసాకి కాగితాలివ్వకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆఖరి శుక్రవారం ఉదయం పదింటికి కాన్సులేటులో అపాయింటుమెంటు తీసుకున్నాడు. ఫారం నింపడం ఒక్కటే అతనికి చేతకాదు. దానికోసమే మా దగ్గరికొచ్చాడు.

“పదో తరగతికి వీసా ఎవడిస్తాడు బాబూ?” అన్నాడు డైరెక్టరుగారు, ఉత్తరం పూర్తిగా చదవకుండానే. “ఇలా వెళ్తే గుమ్మంలోనే తిప్పి పంపుతారు. గోల్డు ప్యాకేజీ తీసుకో. అన్నీ మేం చూసుకుంటాం.”

ఆ ‘అన్నీ’లో ఏముందో అతను అడగలేదు. పాస్‌పోర్టు, ఉత్తరం, పాత యజమాని ఇచ్చిన అనుభవ పత్రం, అన్నీ మా చేతిలో పెట్టి వెళ్ళాడు. తరవాత రోజూ మధ్యాహ్నం ఏదో ఒక బిల్డింగు పైనుంచి ఫోను చేసేవాడు. వెనక గాలి చప్పుడు వినిపించేది. “మేడమ్, నా ఫైలు?” “లోపలికి వెళ్ళిందండీ.” “థాంక్సండీ మేడమ్.” ప్రతిసారీ థాంక్స్ చెప్పేవాడు.

శుక్రవారానికి ముందు బుధవారం సంతకానికి రమ్మన్నాం. ఆ రోజు హాల్లో పదకొండుమంది ఉన్నారు. డైరెక్టరుగారు ఎవరో పెద్ద పార్టీతో మాట్లాడుతూ ఇరుక్కుపోయాడు. నా దగ్గర వరస పెరిగిపోతోంది. ఫారం అత్తగారి బల్ల మీద పెట్టి, “సంతకం ఒక్కటే అత్తయ్యా” అన్నాను. అదీ మా ఆఫీసు చేసిన పొరపాటు. ఆవిడ ముందు కాగితం పెట్టి సంతకం ఒక్కటే అంటే కుదురుతుందా?

స్కేలు పెట్టారు. పేరు, అర్థమైందా. పుట్టిన తేదీ, అర్థమైందా. మెకానిక్కు బడిపిల్లాడిలా తలూపుతున్నాడు.

“విద్యార్హత. లిఫ్టు ఇంజనీరింగులో మూడేళ్ళ డిప్లొమా. అర్థమైందా నాయనా?”

“ఎవరిదమ్మా అది?”

“నీదనే రాసుంది.”

“నాది పదో తరగతమ్మా” అన్నాడతను. సిగ్గుపడలేదు. “డిప్లొమావాళ్ళకి నేను పని నేర్పాను గానీ, నాకు డిప్లొమా లేదు.”

ఆ మాట డైరెక్టరుగారి చెవిన పడింది. పెద్ద పార్టీని వదిలేసి పరుగున వచ్చాడు. “అబ్బే, అదంతా ఫార్మాలిటీ అమ్మగారూ. అందరికీ అలాగే పెడతాం. మీరు చదవక్కర్లేదు, సంతకం చేయించండి చాలు.”

“ఇంకెంత నాయనా, నాలుగు వరుసలే” అన్నారు అత్తగారు, స్కేలు జరుపుతూ.

చివరికి సంతకం చోటికి వచ్చారు. అక్కడ పసుపుపచ్చ స్టిక్కరు ఉంది, ‘ఇక్కడ సంతకం చేయండి’ అని బాణం గుర్తుతో. ప్రతి ఫారం మీదా వాటిని అంటించేది నేనే. ఎక్కడ అంటించాలో డైరెక్టరుగారు వేలు పెట్టి చూపించాడు, నేను అంటించాను. దాని కింద ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. అత్తగారు స్కేలు అంచుతో ఆ స్టిక్కరుని మెల్లగా లేపారు. కింద సన్నటి అక్షరాల్లో ఒక వరుస.

“తప్పుడు వివరాలు గానీ తప్పుడు పత్రాలు గానీ ఇచ్చినవారికి పదేళ్ళపాటు ప్రవేశం నిషేధం. అర్థమైందా?”

మెకానిక్కు పెన్నుకి మూత పెట్టేశాడు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఫారం వెనక కుట్టి ఉన్న ఉద్యోగం ఉత్తరం నకలు తిప్పారు. స్కేలు మళ్ళీ వరుస వరుసకీ కిందికి జరిగింది. “ఐదేళ్ళ అనుభవం ఉండాలి. చదువు పట్టింపు లేదు.” తలెత్తారు. “నీకెన్నేళ్ళు నాయనా?”

“పదకొండమ్మా.”

“మరి ఈ డిప్లొమా ఎవరికోసం?”

మెకానిక్కు లేచి నిలబడి, గొంతు పెంచకుండానే అన్నాడు: “సార్, నా పాస్‌పోర్టు, ఒరిజినల్ ఉత్తరం ఇచ్చేయండి. నా తిప్పలు నేను పడతాను.”

డైరెక్టరుగారు నావైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి ఏం మాట చెప్పాలో నాకు మూడేళ్ళుగా తెలుసు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

“మీ ఫైలు లోపలికి వెళ్ళిపోయిందండీ. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం కుదరదు.”

అతను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. “ఎల్లుండేనండీ నా అపాయింటుమెంటు” అన్నాడు, ఎవరితోనో కాదు, నాతోనే. “చేతిలో పాస్‌పోర్టు లేకుండా ఎలా వెళ్ళను మేడమ్?”

అప్పుడు అత్తగారు నావైపు తిరిగారు. కోపం లేదు. ఇంట్లో బట్టలు మడతపెడుతూ అడిగిన గొంతుతోనే అడిగారు.

“అమ్మాయ్, లోపలికి అంటే ఎక్కడికే?”

పదకొండుమంది చూస్తున్నారు. డైరెక్టరుగారు కళ్ళతోనే నమిలేస్తున్నాడు. ఉద్యోగం, జీతం, ఇంటి అద్దె, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. కానీ ఆవిడ నా మాట కింద స్కేలు పెట్టి కూర్చున్నారు. తప్పించుకునే దారి లేదు. తప్పించుకోవాలని కూడా అనిపించలేదు, అదీ నిజమే.

“మన లోపలి గదిలోకి అత్తయ్యా. ఆకుపచ్చ బీరువా, రెండో అర.”

ఆవిడ లేచారు. మోకాళ్ళ నొప్పి కదా, బల్ల పట్టుకుని లేచి, నెమ్మదిగా లోపలి గదిలోకి నడిచారు. బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు హాల్లో అందరికీ వినిపించింది. ఫైలు తెచ్చి మెకానిక్కు చేతిలో పెట్టారు.

“లోపలికి వెళ్ళిందన్నారుగా. ఇదిగో, బయటికొచ్చింది.”

మూలన కూర్చున్న ఒక నర్సు లేచింది. “అమ్మా, నాది ఆర్నెల్ల కింద లోపలికి వెళ్ళిందన్నారు!” ఆవిడ వెనకే ఒక డ్రైవరు. “నాది కూడా చూడండమ్మా, రెండుసార్లు వెళ్ళిందన్నారు!” రెండుసార్లు ఎలా వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి. నేను కౌంటరు వెనకనుంచి లేచాను. ఎవరి ఫైలు ఏ అరలో ఉందో నాకే కదా తెలుసు. నేను తీసి ఇస్తున్నాను, అత్తగారు పేర్లు చదువుతున్నారు.

“అమ్మగారూ! అదంతా ఆఫీసు సొత్తు!” డైరెక్టరుగారి ముఖం కందగడ్డలా అయింది. “పోలీసులకి చెప్పాల్సి వస్తుంది!”

అత్తగారు చేతిలో ఉన్న పాస్‌పోర్టు తెరిచి ఆయన ముందు పెట్టారు. “ఇందులో ఫొటో ఎవరిది నాయనా? నీదైతే నువ్వే ఉంచుకో.”

హాలంతా గొల్లుమంది. పోలీసుల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. స్టిక్కర్ల కింద ఏముందో నేను చూడలేదన్నాను, ఎంతమందికి అంటించానో లెక్క తెలియదన్నాను. అత్తగారు నా భుజం పట్టుకుని దిగుతున్నారు, మోకాళ్ళకోసమో నాకోసమో తెలియదు. “నేను ముప్పై ఏళ్ళ కింద ఒక వరుస దాటేశాను” అన్నారు. “ఆ ముసలావిడకి జవాబు చెప్పలేకపోయాను. నువ్వు ఇవాళ చెప్పావు. పద, బస్సు పోతుంది.”

ఇంట్లో మా ఆయన రెండు ముఖాలూ చూసి, “ఇద్దరి ఉద్యోగాలూ ఒకేరోజు పోయాయా? కనీసం వంతులేసుకోవాల్సింది” అన్నాడు. నవ్వాం. ఆ రాత్రి అంతకంటే పెద్ద చర్చ జరగలేదు.

గురువారం పొద్దున్నే మెకానిక్కు మా ఇంటికొచ్చాడు. భోజనాల బల్ల మీద కొత్త ఫారం మొదలైంది. నేను కంప్యూటరులో కొడుతున్నాను, అత్తగారు స్కేలు పెట్టి చదువుతున్నారు. విద్యార్హత దగ్గర అతను కాస్త తటపటాయించాడు.

“పదో తరగతని రాస్తే నవ్వుతారేమోనమ్మా.”

“పదకొండేళ్ళు జనాన్ని పైకీ కిందికీ మోసినవాడివి. నవ్వితే వాళ్ళ లిఫ్టు ఆపేసి రా” అన్నారు అత్తగారు.

అనుభవం గడిలో ఆవిడ రెండు మాటలతో సరిపెట్టలేదు. ఏ బిల్డింగు, ఎన్ని అంతస్తులు, ఎన్ని లిఫ్టులు, ఎప్పటినుంచి ఎప్పటివరకు అని ఒక్కొక్కటీ అడిగారు. ఆసుపత్రులే ఆరు తేలాయి. గడి చాలలేదు, విడిగా రెండు కాగితాలు పట్టాయి. అతను వాటిని పదే పదే చదువుకున్నాడు. తన పని అంత పొడుగుందని అతనికే తెలియదు మరి.

తరవాత ఏమైందని అడుగుతారు కదా. ఆరు వారాలకి వీసా వచ్చింది. మిగతా పదిమందిలో ముగ్గురికి వచ్చింది, మిగిలినవాళ్ళకి రాలేదు, ఎందుకు రాలేదో మాత్రం కాన్సులేటువాళ్ళిచ్చిన కాగితం మీద చూసుకున్నారు. ఆ ఏజెన్సీ బోర్డు మూడు వీధుల అవతల ఇంకో పేరుతో లేచిందట. అక్కడ కౌంటరులో ఎవరమ్మాయి కూర్చుందో పాపం. మా ఇంటి ముందు గదిలో ఇప్పుడు రెండు బల్లలున్నాయి, రెండు స్కేళ్ళున్నాయి. రెండోది నాది. మెకానిక్కు విమానమెక్కే ముందు కొనిచ్చి వెళ్ళాడు. గోడకి ఫొటో ఇస్తానన్నాడు గానీ, గోడ మాకొద్దన్నారు అత్తగారు.

కానీ నేను జీవితాంతం చెప్పుకునేది వీసా సంగతి కాదు. ఆ శుక్రవారం సంగతి. పదింపావుకి ఫోను మోగింది. నేనే ఎత్తాను. వెనక గాలి చప్పుడు లేదు, జనం చప్పుడు ఉంది.

“మేడమ్,” అన్నాడతను, ఆనందం ఆపుకోలేక, “ఫైలు లోపలికి వెళ్ళింది!”

ఆ మాట అతనికి నేను ఎన్నిసార్లు చెప్పానో, ప్రతిసారీ అతను నాకు థాంక్స్ ఎలా చెప్పాడో గుర్తొచ్చి కళ్ళు నిండిపోయాయి. అత్తగారు పక్కనుంచి, “ఏమంటున్నాడే?” అన్నారు. చెప్పాను.

“కళ్ళతో చూశాడేమో అడుగు.”

అడిగాను.

“చూశాను మేడమ్. కిటికీలోంచి తీసుకున్నారు, రసీదిచ్చారు. నా చేతిలోనే ఉంది.”

“అయితే ఆ రసీదు మీద ఏం రాసుందో వరుసగా చదవండి” అన్నాను నేను. “తొందరేం లేదు. ఒక్కొక్క వరుసే చదవండి, నేను వింటున్నాను.”